నోరిస్ నింపిన తూటాలు

రౌండప్, మోంటానా
నవంబరు 9, 1991

నా పెళ్ళాం తమ్ముడివైన పాపానికి నలభై ఏళ్ళుగా నేను భరిస్తున్న నోరిస్‌కి,

పోయిన ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు మీ అక్క వెర్లా రిసీవరు నా చేతికిచ్చింది. నా కుడిచెవిలో నీ గొంతు సీసాలో ఇరుక్కున్న ఈగలా వినిపించింది. ఎడమచెవి సంగతి నీకు తెలిసిందే. "ఏమన్నాడు?" అని వెర్లా అడిగితే, "ఆపిల్స్ గురించి ఏదో అన్నాడు" అన్నాను. "ఆపిల్సా నీ మొహమా! నీ ఒంట్లో ఎలా ఉందని అడిగాడు" అంది, రిసీవరు లాక్కుని విని. అంచేత ఇకమీదట మనకు ఉత్తరాలే గతి. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయని నవ్వకు.

సెప్టెంబరులో గని ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. వాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చారు. దాన్ని మీ అక్క వంటింట్లో తగిలించుకుంది. నేను మటుకు తుపాకి కొనుక్కున్నాను. అవును, మళ్ళీ. నలభై అయిదు బోరు, ఒక్క తూటా పట్టేది, పూర్వం అడవిదున్నల వేటగాళ్ళు వాడినటువంటిదే. కానీ ఉక్కు కొత్తది, పాత తుపాకిలా చేతిలో పేలిపోదు. పన్నెండు పౌన్ల బరువు. కాలిస్తే భుజం మీద ఎవరో పెద్దమనిషి చెయ్యి వేసి గట్టిగా వెనక్కి నెట్టినట్టుంటుంది.

ఎడమచేతికి మూడు వేళ్ళే కదా, ఎలా పట్టుకుంటావని అడుగుతావేమో. పట్టుకోనక్కర్లేదు. రెండు కర్రలు కత్తెరలా కట్టి నేలలో గుచ్చి, గొట్టాన్ని వాటిమీద ఆనించి, వెనక కూర్చుని కాలుస్తాను. నాలుగున్నరేళ్ళు తుపాకి ముట్టకుండా కూర్చున్నాను, చాలు.

వచ్చే జూన్‌లో స్వెన్‌గార్డ్‌ల బీడులో పోటీ. ఎనిమిది వందల గజాల అవతల, కొండవాలులో ఇనప దున్నను నిలబెడతారు. నేను పేరిచ్చేశాను. ఒక్కటే లోటు. తూటాలు నువ్వు నింపాలి. ఈ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో నీ అంత నిదానంగా తుపాకిమందు తూచేవాడు లేడు. కాదంటావా?

మీ అక్క లెఫ్సా రొట్టెలు పంపుతోంది. దారిలో ముక్కలైతే తిట్టుకోకు.

నీ బావ,
వెండెల్


వెనాచీ, వాషింగ్టన్
నవంబరు 24, 1991

బావా,

రొట్టెలు అందాయి. ముక్కలే, కానీ అక్క చేతి ముక్కలు. షెడ్డులో నా పక్కన పనిచేసే ఆడవాళ్ళకి తలా ఒకటి ఇస్తే, "మోంటానా, నీకు ఇంత మంచి అక్క ఉండగా ఇక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నారు. నా పేరు ఇక్కడ మోంటానాయే.

పని బాగుంది. ఆపిల్స్ బెల్టు మీద వరసగా వస్తుంటాయి. మచ్చ ఉన్నవాటిని ఏరి పక్కన పడెయ్యాలి. సాయంత్రానికి నా చేతులు, చొక్కా, తలగడ, అన్నీ ఆపిల్ వాసనే. ఇక్కడ చలి మన చలిలా కొరకదు, ఊరికే తడుముతుంది.

నువ్వు మళ్ళీ తుపాకి కొన్నావంటే సంతోషం. నిజంగా. తూటాల సంగతి మాత్రం నన్ను వదిలెయ్యి. నా కళ్ళు మునుపటిలా లేవు. త్రాసు ముల్లు రెండుగా కనపడుతుంది. సామాన్లన్నీ ఇక్కడికి వచ్చేముందే అమ్మేశాను కదా. జూన్‌లో సెలవు కూడా దొరకదు. మైల్స్ సిటీలో ఎవరో చక్కగా నింపి అమ్ముతారని విన్నాను, కనుక్కో.

భుజం జాగ్రత్త. ఆపరేషన్ అయిన భుజం అది.

అక్కకి నా మాటగా చెప్పు, కొత్త గడియారం అయిదు నిమిషాలు ముందుకు పెట్టుకోమని. చర్చికి ఎప్పుడూ ఆలస్యమే ఆవిడ.

నీ
నోరిస్


రౌండప్
జనవరి 12, 1992

కళ్ళు కనపడని నోరిస్‌కి,

త్రాసు ముల్లు రెండుగా కనపడేవాడు, పరుగెత్తే బెల్టు మీద ఆపిల్‌కి సూదిమొనంత మచ్చ ఉందో లేదో ఎలా చూస్తున్నాడు? నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపిస్తే ఆవిడ అడిగిన ప్రశ్న ఇది. నాకు తట్టలేదు. నేనెప్పుడూ నీ మాట నమ్మేవాణ్ణే.

దీంతోపాటు ఒక కాగితం పెట్టాను, చూడు. వంద గజాల నుంచి పది తూటాలు, నేను నింపినవి. చిల్లులు కిందకీ పైకీ ఎలా చెదిరాయో చూశావా? వంటింటి గోడమీద నూనె చిందినట్టు లేదూ? మందు పోయడంలో నాకు ఓపిక లేదు. నువ్వు నింపినవైతే పది చిల్లులూ ఒక కాఫీ కప్పు కింద దాగేవి.

గుండ్లు మటుకు బాగా పోస్తున్నాను. గరాజులో పొయ్యి పెట్టి, ఇరవై పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం కలిపి కరిగిస్తే అచ్చులోంచి వెండి గింజల్లా రాలతాయి. చేతిలోకి తీసుకుంటే బొటనవేలి కణుపంత, బరువైన గుండు. మీ అక్క తలుపు దగ్గర నిలబడి, "అది నా పాత సూప్ గిన్నె కదూ?" అంది. "ఇప్పుడు కాదు" అన్నాను.

విడిగా ఒక పెట్టె పంపుతున్నాను. అందులో తూటాలకి అరవై ఇత్తడి గొట్టాలు, అరవై గుండ్లు, గుండు బిగించే నా పాత చేతిప్రెస్సు, ఒక మంచి త్రాసు ఉన్నాయి. మందూ, దాన్ని అంటించే ప్రైమర్లూ అక్కడే దొరుకుతాయి. సామాన్లు లేవనే సాకు కూడా ఇక లేదు.

ఇంకో మాట. క్రిస్మస్ మర్నాడు డాగ్నీ సమాధి దగ్గరికి వెళ్ళి మంచు తోసి వచ్చాం. నీ భార్యకి ఇష్టమని మీ అక్క ఎర్ర రిబ్బను కట్టింది. ఆ చోటు శుభ్రంగా ఉంది, దిగులు పెట్టుకోకు.

వెండెల్


వెనాచీ
ఫిబ్రవరి 2, 1992

వెండెల్ గారికి,

మీ పెట్టె అందింది. విప్పకుండా తిరిగి పంపుతున్నాను. నేను తూటాలు నింపడం మానేశాను. దయచేసి ఇక ఆ విషయం అడగవద్దు.

సమాధి చూసుకుంటున్నందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞుణ్ణి.

నోరిస్ ఆమట్


రౌండప్
ఫిబ్రవరి 13, 1992

నోరిస్,

పెట్టె వచ్చింది. దానికంటే ముందు నీ ఉత్తరం వచ్చింది.

"మీ" పెట్టె అన్నావు. "వెండెల్ గారు" అన్నావు. నీకు ఇరవై రెండేళ్ళప్పుడు నా పికప్పు తీసుకెళ్ళి మసెల్‌షెల్ నదిలో దింపిన రోజున కూడా నన్ను "ఒరేయ్ బావా" అనే పిలిచావు. కింద పేరు, ఇంటిపేరు రాశావు, బ్యాంకుకి రాసినట్టు.

నేను ఇక అడగను. కానీ నన్ను మీరు అనకు.

వెండెల్

నోరిస్, నేను వెర్లాని. మీ బావకి ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడురోజులు పట్టింది. భోజనం దగ్గర కూర్చుని కెలుకుతున్నాడు. అసలేమైందిరా నీకు? నాలుగేళ్ళయింది ఊరొదిలి. డాగ్నీ పోయిన బాధ అనుకున్నాం, పోనీలే అనుకున్నాం. మాట్లాడినప్పుడల్లా బావ చెయ్యి ఎలా ఉంది, భుజం ఎలా ఉంది అని అడుగుతావు, ఒక్కసారి వచ్చి చూడవు. నేనేమైనా అన్నానా? ఆయనేమైనా అన్నాడా? కోపం ఉంటే తిట్టు, పడతాం. ఈ మర్యాద మాత్రం నాకొద్దు. అక్క.


వెనాచీ
మార్చి 1, 1992

అక్కా, బావా,

ఇది మూడోసారి రాయడం. మొదటి రెండూ చింపేశాను. ఇద్దరూ కలిసి చదవండి.

బావా, ఆ తుపాకి పేలిపోయింది పాత ఉక్కు వల్ల కాదు. నా వల్ల.

ఎనభై ఏడు మే నెల. నీ భుజానికి ఆపరేషన్ అయి మూడు నెలలు. పెద్ద తూటాల దెబ్బ నువ్వు తట్టుకోలేవని, నీ కోసం తేలిక తూటాలు నింపాలనుకున్నాను. పొగమందు వాడితే గొట్టం నిండా పొయ్యాలి, దెబ్బ గట్టిగా తగులుతుంది. కొత్తరకం మందు చిటికెడు చాలు, గొట్టంలో అడుగున మూడోవంతు కూడా రాదు. అందులో ఉన్న ప్రమాదం నాకు తెలుసు. ఒకే గొట్టంలో పొరపాటున రెండుసార్లు పోస్తే పైకి కనపడదు. ఇంకా చోటు మిగిలే ఉంటుంది. అందుకే ఎప్పుడూ దీపం పట్టుకుని ఒక్కో గొట్టంలోకీ తొంగి చూసేవాణ్ణి.

ఆ గురువారం యాభై గొట్టాలు బల్లమీద నిలబెట్టి మందు పోస్తున్నాను. సగంలో ఉండగా ఫోను మోగింది. బిల్లింగ్స్ ఆసుపత్రి నుంచి. డాగ్నీ పరీక్షల ఫలితాలు. ఆ డాక్టరు చాలా మెల్లగా, చాలా మంచిగా చెప్పాడు. డాగ్నీ అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కిటికీలోంచి నాకు కనపడుతోంది. ఏదో పాడుకుంటోంది కూడా.

ఆమెకి ఎలా చెప్పాలో తెలియలేదు. బట్టలు ఆరేసి లోపలికి వచ్చేదాకా చేతులకి ఏదో ఒక పని ఉండాలని మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఎక్కడ ఆపానో గుర్తులేదు. ఎక్కడ మొదలుపెట్టానో కూడా గుర్తులేదు. దీపం పట్టి చూశానా? చూసే ఉంటానని నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. చూడలేదు బావా. నాకు తెలుసు.

ఆదివారం నువ్వు కాల్చావు. నేను ఇరవై అడుగుల దూరంలో ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటున్నాను. పద్దెనిమిది మామూలుగా మోగాయి. పంతొమ్మిదోది మోగిన తీరు వేరు. తర్వాత నువ్వు నేలమీద కూర్చుని నీ చేతికేసి చూసుకుంటూ, "నోరిస్, నా గ్లవ్ చిరిగింది" అన్నావు. నువ్వు గ్లవ్ తొడుక్కోలేదు.

నన్ను తినేసింది అది ఒక్కటే కాదు. ఆ వేసవంతా నేను షిఫ్టులో ఉన్నప్పుడు డాగ్నీని బిల్లింగ్స్‌కి తీసుకెళ్ళింది నువ్వు. ఒక చేతికి కట్టు, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకుని, పోను యాభై మైళ్ళు, రాను యాభై మైళ్ళు. సాయంత్రం మా గుమ్మం ముందు కారాపి, ఆమెని దించుతూ నాకేసి చెయ్యి ఊపేవాడివి. ఆ కట్టు చెయ్యే ఊపేవాడివి. నేను నోరు విప్పలేకపోయాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆమె పోయింది. తర్వాత మీ ఇంట్లో భోజనానికి కూర్చుంటే నా కళ్ళు నీ చేతిమీదే ఉండేవి. అందుకే వచ్చేశాను.

ఇప్పుడు చెప్పు బావా. ఇలాంటివాడి చేత తూటాలు నింపిస్తావా?

నోరిస్


రౌండప్
మార్చి 14, 1992

నోరిస్,

నాకు తెలుసు.

ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నువ్వు రాసిన దానికంటే ఎక్కువ సిగ్గు. పూర్తిగా చదువు, మధ్యలో ఆపి పెట్టెయ్యకు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి, మిగిలిన ముప్ఫై ఒక్క తూటాలూ విప్పాను. ఒంటిచేత్తో, ఒక్కోదానికి అరగంట పట్టింది. ముప్ఫైటిలో మందు సరిగ్గా ఉంది, రవ్వంత తేడా లేదు. ఒకదాంట్లో అసలు లేదు. ఖాళీ. ఒక గొట్టం ఖాళీగా ఉందంటే దాని వాటా మరోదాంట్లోకి పోయినట్టే కదా. మిగతాది నీకు నేను చెప్పాలా?

తుపాకులు బాగుచేసే ముసలాయన పాత ఉక్కు అన్నాడు. నేను తలూపాను. అందరూ అదే అనుకున్నారు.

ఎందుకు చెప్పలేదంటే, మొదట్లో అది మంచితనం కాదు. కోపం. నీ అంతట నువ్వు వచ్చి చెప్పాలని పంతం. "చూద్దాం, ఎన్నాళ్ళు దాస్తాడో" అనుకున్నాను. నేను మంచివాణ్ణని నువ్వు రాసినవన్నీ చదివి మీ అక్క నాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి నేను అర్హుణ్ణే.

ఒకరోజు బిల్లింగ్స్ దారిలో డాగ్నీ అడిగింది. జూలై అనుకుంటాను, రోడ్డుకి అటూఇటూ గోధుమ పసుపెక్కుతోంది. "వెండెల్, నోరిస్ సరిగ్గా నిద్రపోవడం లేదు. నీ చేతికేసి చూడలేకపోతున్నాడు. నిజం చెప్పు, ఆ తూటాల్లో ఏమైనా తేడా ఉందా?" అంది. ఆ మనిషికి అప్పటికి ఎన్నాళ్ళు మిగిలాయో మా ఇద్దరికీ తెలుసు. "లేదమ్మా, పాత ఉక్కు" అన్నాను. ఆమె సీటుకి తల ఆనించి, "హమ్మయ్య. నా జబ్బే ఆ పని చేయించిందేమోనని భయపడ్డాను" అంది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని చాలాసేపు పడుకుంది.

ఆ రోజుతో నా కోపం పోయింది. కానీ నోరు కూడా మూతపడింది. ఆమె ఆ మాట నమ్మి పోయింది నోరిస్. ఆ మాటని తర్వాత నేనెలా వెనక్కి తీసుకోను? నీకు చెప్పడమంటే ఆమెకి అబద్ధం చెప్పానని ఒప్పుకోవడమే. అలా నాలుగేళ్ళు గడిచాయి. నువ్వు ఊరు వదిలి వెళ్తుంటే బస్టాండుకొచ్చి నీ పెట్టె ఎక్కించింది నేనే. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాకు పోయింది రెండు వేళ్ళు, ఒక చెవి. నీకు నాలుగేళ్ళు పోయాయి. ఇందులో నా తప్పు సగం.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. నింపిస్తాను. అందుకే అడిగాను. పెట్టె మళ్ళీ పంపుతున్నాను. మళ్ళీ తిప్పి పంపితే మళ్ళీ పంపుతాను. పోస్టాఫీసు వాళ్ళు మన పేరు చెప్పుకుని బతుకుతారు.

నీ బావ

నోరిస్, ఇదంతా నాకు మొన్నే తెలిసింది. ఒకరికి తెలిసి చెప్పలేదు, ఇంకొకరు చేసి చెప్పలేదు, మధ్యలో నేను ఇద్దరికీ కూర వడ్డించాను. రెండురోజులు మీ బావతో మాట్లాడలేదు. నువ్వూ దగ్గరుంటే నీతో కూడా మాట్లాడేదాన్ని కాదు. మూడోరోజు ఆయన కాఫీ కాచి తెచ్చాడు, ఘోరంగా ఉంది, తాగాను. నీ మీద కూడా కోపం పోయింది. డాగ్నీకి చెప్పిన అబద్ధం గురించి ఏడవకు. నేనున్నా అదే చెప్పేదాన్ని. అక్క.


వెనాచీ
మే 10, 1992

బావా,

నీ ఉత్తరం చదివి రెండువారాలు పెట్టె వంక చూడలేదు. తర్వాత ఓ శనివారం విప్పాను.

అరవై నింపాను. పాతకాలం పొగమందు వాడాను, కావాలనే. గొట్టం నిండా పడితేగాని చాలదు. పొరపాటున రెండోసారి పోసినా బల్లమీదకి పొర్లిపోతుంది. ఒక తూటా మొదలుపెడితే అది పూర్తయి పెట్టెలోకి వెళ్ళాకే ఇంకో గొట్టం ముట్టుకున్నాను. ప్రైమరు, డెబ్భై గ్రెయిన్లు తూచిన మందు, పొడవాటి సన్నగొట్టంలోంచి మెల్లగా జారవిడిస్తే ఇసక రాలిన చప్పుడు, పైన అట్టబిళ్ళ, దానిమీద గుండు. ఫోను తీగ గోడలోంచి పీకేసి కూర్చున్నాను. రోజుకి నాలుగు, అయిదు, అంతే. మొదటిరోజు ఒక్కటే చేశాను. దాన్ని మూడుసార్లు తూచి, విప్పి, మళ్ళీ నింపాను.

అయినా నాకు ధైర్యం లేదు బావా. అబద్ధం చెప్పను. తూటాలు పంపగలను, వచ్చి పక్కన నిలబడలేను. మా షెడ్డు నుంచి బిల్లింగ్స్‌కి లారీ తోలే లూ అనే ఆయన ఉన్నాడు. ఆయనకి విషయం చెప్పి ఇచ్చాను. ఈ నెల పంతొమ్మిదో తేదీన బిల్లింగ్స్ రైలుస్టేషను దగ్గర కలుస్తాడు. ఎర్ర గడ్డం, ఆగకుండా మాట్లాడతాడు. నీకు వినపడదు గనక ఇబ్బంది లేదు.

నువ్వు వాటిని కాల్చకపోయినా నేనేమీ అనుకోను. బీరువాలో పెట్టుకో. ఒట్టు.

నోరిస్


రౌండప్
జూన్ 22, 1992

నోరిస్,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాం. మీ అక్క వేడినీళ్ళ సంచి భుజానికి పెట్టుకుని సోఫాలో పడుకుంది. నా భుజానికి కాదు, ఆవిడ భుజానికే. చెబుతాను.

పోటీ శని, ఆదివారాలు. శుక్రవారం గురి సరిచూసుకోవడానికి వదులుతారు. బీడు నిండా డేరాలు, పికప్పులు, ఎక్కడ చూసినా తెల్లటి పొగ, కుళ్ళిన గుడ్ల వాసన. నా వంతు రాగానే కర్రలు గుచ్చుకుని కూర్చున్నాను. వెర్లా నా ఎడమపక్కన దుర్బీను పెట్టుకుని కూర్చుంది. గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పాలి కదా.

నీ పెట్టెలోంచి మొదటి తూటా తీసి పెట్టాను. మూశాను. సుత్తి వెనక్కి లాగాను. ముచ్చటగా గురి కుదిరింది. వేలు కదల్లేదు.

నీకు అబద్ధం చెప్పను. పెద్ద మాటలు రాశాను కదా, "నింపిస్తాను, అందుకే అడిగాను" అని. రాసింది నా కుడిచెయ్యి. ఎడమచెయ్యి ఒప్పుకోలేదు. లేని రెండు వేళ్ళూ మండిపోతున్నాయి. తూటా బయటికి తీశాను, మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను. మూడుసార్లు. చెమటకి కళ్ళద్దాలు మసకలయ్యాయి.

"గాలి బాగాలేదు" అన్నాను.

"గాలి పొద్దుటి నుంచి ఒక్కలాగే ఉంది" అంది మీ అక్క. "లే అక్కణ్ణించి."

"ఏం చేస్తావు?"

"కాలుస్తాను. ఎక్కడ నొక్కాలో చెప్పు."

"నీకేమైనా పిచ్చా? పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఎలకబోను తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు నువ్వు."

"ఇది మా తమ్ముడు చేసింది. నువ్వు భయపడు, నీకు ఆ హక్కుంది. నాకేం పట్టింది? జరుగు."

నేను జరగలేదు. ఆవిడే నన్ను తుంటితో తోసి కూర్చుంది. రేంజి అధికారి వచ్చి, "ఏంటమ్మా గొడవ?" అన్నాడు. "మా ఆయనకి గాలి పడలేదు" అంది. ఆయన నవ్వి, ఆవిడ చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు తానే తగిలించి వెళ్ళాడు. చెంప ఎక్కడ ఆనించాలో, భుజంలోకి ఎలా లాక్కోవాలో చెప్పాను. "నువ్వు వెనక్కెళ్ళి నిలబడు" అంది. నేను వెళ్ళలేదు. ఎడమపక్కనే, ఆవిడ మోచేతికి నా మోకాలు తగిలేలా కూర్చున్నాను. ఏమైనా అయితే ఇద్దరికీ అవ్వాలి అనిపించింది. అంత భయంలోనూ ఆ ఆలోచన హాయిగా అనిపించింది, ఎందుకో.

నొక్కింది.

నోరిస్, మంచి తూటా ఎలా మోగుతుందో మర్చిపోయాను. పిడుగులా కాదు, లోతైన చోట పెద్ద తలుపు మూసినట్టు. పొగ మమ్మల్ని కమ్మేసింది. పొగలోంచి మీ అక్క గొంతు: "వెండెల్, ఉన్నావా?" "ఉన్నాను." "నేనూ ఉన్నాను. నీ దున్న ఎక్కడుంది అసలు?" గుండు దున్నకి ఎనభై అడుగులు పైన, కొండమీద దుమ్ము లేపింది. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ తుపాకి పక్కన పెట్టి నా చొక్కా పట్టుకుంది, వదల్లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ కూడా ఎంత భయపడిందో. నేను లేవదీశాను, ఈ మూడువేళ్ళ చేత్తోనే.

తర్వాత నేను కూర్చున్నాను. కాల్చాను.

పోటీలో నలభై తూటాలు, నలభయ్యీ నీవే. ఇరవై మూడు తగిలాయి. రెండువందల మందిలో అరవై ఒకటో వాణ్ణి. బహుమతి ఏమీ లేదు, ఓ కాగితం ఇచ్చారు. చివరి గురి అయిన ఇనప దున్న దగ్గర ఎనిమిదిలో మూడే తగిలాయి. కానీ విను. కాల్చాక లెక్కపెట్టుకోవాలి. ఒకటి, రెండు, గుండు అక్కడికి పోతుంది. మూడు, నాలుగు, చప్పుడు వెనక్కి వస్తుంది. నా చెవికి అది వినపడదు. మీ అక్క నా వీపుమీద అరచేత్తో చరిచేది, తగిలిందని. ఆఖరి తూటాకి చరిచింది చూడు, కళ్ళద్దాలు ఊడి ఒళ్ళో పడ్డాయి.

నీకు నేను చెప్పాలనుకున్నది ఇది. మొదటిరోజు ప్రతి తూటా పెట్టేముందు నువ్వు గుర్తొచ్చేవాడివి. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నానికి గాలి పశ్చిమానికి తిరిగింది, గురి ఎంత జరపాలా అని నేనూ వెర్లా కీచులాడుకుంటున్నాం. ఆ కీచులాటలో ఆఖరి ఎనిమిదీ ఎప్పుడు పెట్టానో ఎప్పుడు కాల్చానో తెలియలేదు. పెట్టె ఖాళీ అయ్యాక తట్టింది నాకు, వాటిని ఎవరు నింపారన్నది ఆలోచించనే లేదని. గాలి గురించే ఆలోచించాను.

నీ బావ,
వెండెల్


వెనాచీ
జూన్ 30, 1992

బావా,

నీ ఉత్తరం షెడ్డులో, భోజనాల వేళ చదివాను. ఆఖరికి వచ్చేసరికి పక్కన ఆడవాళ్ళు, "ఏమైంది మోంటానా, ఎవరైనా పోయారా?" అన్నారు. కాగితం వాళ్ళకే ఇచ్చాను. పైకి చదివారు. మా అక్క నిన్ను తుంటితో తోసిన చోట బల్లలు చరిచి నవ్వారు. "ఆ రొట్టెల మనిషేనా?" అని ఒకావిడ అడిగింది. ఆవిడే అన్నాను.

పోటీ జరిగిన రెండురోజులూ నేను ఏం చేశానో చెప్పనా? కొలంబియా నది ఒడ్డున నడిచాను. శనివారం ఎగువకి, ఆదివారం దిగువకి. ఎంత దూరమో తెలియదు. బూటు అడుగు ఊడింది.

ఫోర్‌మన్‌ని సెలవడిగాను. కోతలు మొదలయ్యేలోగా పది రోజులు తీసుకోమన్నాడు. వచ్చే బుధవారం, ఎనిమిదో తేదీన బస్సు ఎక్కుతున్నాను, గురువారం మధ్యాహ్నానికి బిల్లింగ్స్. నువ్వు బస్సు స్టేషనుకి రావాలి. డాగ్నీ దగ్గరికి ముందు నేనొక్కణ్ణే వెళ్తాను, తర్వాత ముగ్గురం వెళ్దాం. ఆమెకి నువ్వు చెప్పిన మాట అలాగే ఉండనీ. నేను దిద్దను.

ఖాళీ గొట్టాలు పారెయ్యకు, అరవయ్యీ కడిగి ఉంచు. నీ బల్లమీద, నీ ఎదురుగా కూర్చుని నింపుతాను. నువ్వు కబుర్లు చెబుతావు, నాకు తెలుసు. చెప్పుకో. నేను మందు పోసేటప్పుడు మాత్రం నోరు మూసుకో.

ఇంకొకటి. దుర్బీను అక్క దగ్గర్నుంచి నేను తీసుకుంటాను. ఎనభై అడుగులు పైన పడిన గుండుని చూసి చెప్పడానికి ఆవిడ అక్కర్లేదు, అది నాకే కనపడుతుంది. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు కాలుస్తున్నప్పుడు నీ ఎడమపక్కన కూర్చుంటాను. ఇరవై అడుగుల దూరంలో కాదు. పక్కన.

ఒరేయ్ బావా, స్టేషనుకి ఆలస్యంగా రాకు.

నోరిస్